మామిడి మార్గరీటా: పండు తీపికి తగ్గ పులుపు

ప్రశ్న: బంగినపల్లి మామిడితో మార్గరీటా (టెకీలా అనే మెక్సికో మద్యం, నారింజ వాసన ఉండే తియ్యటి మద్యం, నిమ్మరసం కలిపే కాక్‌టెయిల్) చేశాను. మిక్సీలోంచి తీసినప్పుడు చిక్కగానే ఉంది. గ్లాసులో పోసిన ఐదు నిమిషాలకే పైన నురగ తేలి, కింద నీళ్లు దిగాయి. రుచీ చప్పబడింది. తప్పెక్కడ? (హైదరాబాద్)

జవాబు: పండు ముక్కల్ని చల్లబరచకుండా వేసి, ఐస్ ఎక్కువ వేసి ఉంటారు. ఆ ఐస్ పండును చల్లబరచడంలోనే సగం కరిగిపోతుంది. కిందికి దిగిన నీళ్లు అవే, చప్పదనమూ వాటిదే. చల్లదనం ఐస్ నుంచి కాదు, పండు నుంచే రావాలి. ముందురోజు రాత్రే మామిడిపండు చెక్కు తీసి, అంగుళం ముక్కలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గిన్నెలో కుప్పగా పోస్తే రాయిలా అతుక్కుని మిక్సీ బ్లేడుకు లొంగవు.

రెండు గ్లాసులకు కొలత ఇది: టెకీలా 90 మి.లీ., ఆరెంజ్ లిక్కర్ (నారింజ వాసన ఉండే ఆ తియ్యటి మద్యం, ట్రిపుల్ సెక్) 40 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 50 మి.లీ., గడ్డకట్టిన మామిడి ముక్కలు 200 గ్రాములు, ఐస్ 120 గ్రాములు, చిటికెడు ఉప్పు. నిమ్మకాయలు చిన్నవైతే నాలుగైదు పడతాయి. గుడ్డలో మూటగట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టిన ఐస్ అయితే మిక్సీకి శ్రమ తగ్గుతుంది.

జారును అరగంట ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. ద్రవాలు ముందు, తర్వాత మామిడి, ఐస్ చివర. బ్లేడు చుట్టూ ద్రవం లేకపోతే ముక్కలు పైనే ఆగిపోయి బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. ఆపి ఆపి ఐదారుసార్లు తిప్పి, చివర పదిహేను సెకన్లు ఏకధాటిగా తిప్పితే చాలు. అంతకు మించితే బ్లేడు రాపిడికి జారు వేడెక్కుతుంది, గాలి చేరి మీరు చెప్పిన నురగ వస్తుంది. గరిటెతో ఎత్తితే జారకుండా, ముద్దగా ఒక్కసారి పడితే సరిగ్గా కుదిరినట్టు.

టెకీలాను కంటి అంచనాతో పోయకండి. నలభై శాతం ఆల్కహాల్ ఉన్న టెకీలా ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు. అది ఎక్కువైతే ఎంత ఐస్ వేసినా చిక్కదనం నిలవదు. ఇంకో సంగతి. పండు తీపిలో మద్యం ఘాటు తెలియదు గానీ, పై కొలతలో గ్లాసుకు 65 మి.లీ. పడుతుంది. అంటే లార్జ్ పెగ్గు కంటే కాస్త ఎక్కువే. తాగి బండి నడపడం కుదరదు.

ప్రశ్న: మాకు ఇక్కడ డబ్బా మామిడి గుజ్జే దొరుకుతుంది. దాంతో చేస్తే పాయసంలా తియ్యగా ఉంటోంది. (డాలస్, అమెరికా)

జవాబు: డబ్బా గుజ్జులో చాలావాటికి ముందే చక్కెర కలిపి ఉంటుంది. దానికి ఆరెంజ్ లిక్కర్ తీపి తోడైతే పాయసమే. రెండు గ్లాసులకు గుజ్జు 120 మి.లీ. చాలు, లిక్కర్ 20కి తగ్గించండి, నిమ్మరసం 60కి పెంచండి. గుజ్జును ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి వాడండి. ఏ పండైనా ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి, ఆ తర్వాతే నిమ్మరసం కొలవాలి. ఒకే చెట్టు మామిడికాయల్లోనే తీపి తేడా ఉంటుంది, కాబట్టి ఏ కొలతా వేదవాక్కు కాదు.

అక్కడి దుకాణాల్లో పసుపుపచ్చ లెమన్, ఆకుపచ్చ లైమ్ రెండూ ఉంటాయి. లైమే తీసుకోండి. చిన్న గోళీల్లాంటి కీ లైమ్ దొరికితే మరీ మంచిది, మన కాగ్జీ నిమ్మ అదే జాతి. మెక్సికోలో లిమోన్ అనేదీ ఎక్కువగా ఇదే. అన్నట్టు, గడ్డకట్టిన మార్గరీటా యంత్రం పుట్టింది మీ ఊళ్లోనే. 1971లో మరియానో మార్టినెజ్ తన రెస్టారెంట్ కోసం సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి తయారుచేశారు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: ఆరెంజ్ లిక్కర్ ఖరీదెక్కువ. లేకుండా కుదరదా? టెకీలా ఏది కొనాలి? (విజయవాడ)

జవాబు: కుదురుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన టామీస్ మార్గరీటాలో అసలు ఆరెంజ్ లిక్కరే ఉండదు, అగావే (టెకీలా తయారయ్యే మొక్క) పాకం వేస్తారు. మీరు చక్కెర, నీళ్లు సమంగా కరిగించిన పాకం 20 మి.లీ. వేయండి. నారింజ వాసన కావాలంటే కమలాపండు తొక్కను పైపైన పల్చగా చెక్కి, లోపలి తెల్లభాగం రాకుండా, పాకంలో గంటసేపు నానబెట్టి వడకట్టండి. బత్తాయి రసంలో పులుపు లేదు, ఇక్కడ పనికిరాదు.

టెకీలా సీసా మీద నూరు శాతం అగావే అని ఉందో లేదో చూడండి. లేకపోతే అందులో అగావే చక్కెరలు కనీసం 51 శాతమే, మిగతావి వేరే చక్కెరలు. పండుతో కలపడానికి పీపాలో పాతబెట్టని బ్లాంకో రకమే నయం.

ప్రశ్న: గ్లాసు అంచుకు ఉప్పు అద్దితే మొత్తం ఉప్పగా అవుతోంది. (గుంటూరు)

జవాబు: మెత్తటి అయొడైజ్డ్ ఉప్పు వెంటనే కరిగి లోపలికి కారుతుంది. రాళ్లుప్పును రోట్లో రవ్వలా దంచండి. నిమ్మచెక్కతో అంచును బయటివైపే, సగం చుట్టే తడిపి, గ్లాసును ఏటవాలుగా పట్టుకుని ఉప్పులో దొర్లించండి. మిగతా సగం తాగేవాళ్ల ఇష్టానికి ఉంటుంది.

మామిడి మార్గరీటాకైతే కారం కలపాల్సిందే. మెక్సికోలో మామిడి ముక్కల మీద మిరపపొడి, నిమ్మ, ఉప్పు చల్లుకుని తింటారు; పచ్చిమామిడి ముక్కకు ఉప్పూకారం అద్దుకునే మనకు ఆ రుచి వేరే చెప్పక్కర్లేదు. రెండు చెంచాల రాళ్లుప్పుకు మీ ఊరి కారం అరచెంచా చాలు, ఎర్రటి రంగు కావాలంటే బ్యాడిగి మిరప పొడి ఒక చెంచా.

ప్రశ్న: జామ, దానిమ్మ, పుచ్చకాయతో చేయవచ్చా? (కర్నూలు)

జవాబు: జామలో ఎర్ర గుజ్జుదైతే రంగూ వాసనా బాగుంటాయి, గింజలు వడకట్టాలి. దానిమ్మ గింజల్ని మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే లోపలి విత్తనం నలిగి చేదెక్కుతుంది; చేత్తో పిసికి రసం తీయండి. పుచ్చకాయ ముక్కలు గడ్డకట్టించి వేస్తే ఐసే అక్కర్లేదు. పీచు రసాల మామిడైతే గుజ్జు వడకట్టి గడ్డకట్టించండి.

ప్రశ్న: తాగనివాళ్లకు అదే రుచితో చేయడం ఎలా? (వరంగల్)

జవాబు: మద్యం తీసేస్తే నాలుకకు తగిలే ఘాటు పోతుంది. టెకీలా బదులు చల్లటి సోడా 90 మి.లీ., చెంచా అల్లం రసం వేయండి. లిక్కర్ బదులు పైన చెప్పిన కమలా పాకం. సోడాను చివర, గ్లాసులోనే కలపండి, మూత పెట్టిన మిక్సీలో పోస్తే పొంగి చిమ్ముతుంది. అప్పుడు మిక్సీ తిరగడానికి సరిపడా ద్రవం ఉండదు కాబట్టి 60 మి.లీ. చల్లటి నీళ్లు పోసి, ఐస్ సగానికి తగ్గించండి. మద్యం ఉన్నది ఫ్రీజర్‌లో గంట ఉన్నా ముద్దగానే ఉంటుంది. ఇది గట్టిపడిపోతుంది, అప్పటికప్పుడే పోయాలి. గర్భిణులకు, మందులు వాడేవాళ్లకు, 21 ఏళ్లు నిండనివాళ్లకు ఇదే ఇవ్వండి. దీన్ని ముందు చేసి తర్వాత మద్యం ఉన్నది చేస్తే జారు కడిగే పనీ తప్పుతుంది.

ప్రశ్న: డాబా మీద ఎండలో నిమ్మకాయలు పిండాను. రెండు రోజులకు చేతుల మీద నల్లటి మచ్చలు, చిన్న బొబ్బలు వచ్చాయి. (తిరుపతి)

జవాబు: నిమ్మతొక్క నూనెలో ఫ్యూరోకౌమరిన్‌లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే బొబ్బలొస్తాయి. దీనికి మార్గరీటా బర్న్ అనే పేరే ఉంది. నిమ్మకాయలు ఇంట్లోనే పిండి, సబ్బుతో చేతులు, మోచేతుల దాకా కడుక్కుని బయటికి వెళ్లండి. బొబ్బలు చిదపకుండా చర్మవైద్యులకు చూపించండి. మచ్చలు పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా ఆ చోట ఎండ తగలనివ్వకండి.