అమెరికా నుంచి వచ్చిన ఫోన్‌లోని నెట్‌వర్క్ కంపెనీ యాప్‌లను డిజేబుల్ చేయవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్యగారు అక్కడి ఒక నెట్‌వర్క్ కంపెనీ షోరూంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ను గుంటూరులో ఉన్న మీ నాన్నగారికి పంపారు. జియో సిమ్ వేస్తే పనిచేస్తోంది. అయితే ఆ అమెరికా కంపెనీ యాప్‌లు అందులో చాలా ఉన్నాయి, వాటికి అన్‌ఇన్‌స్టాల్ బటన్ లేదు, డిజేబుల్ నొక్కితే హెచ్చరిక వస్తోంది. చేస్తే కాల్స్‌కు గాని ఫోన్‌పే వంటి వాటికి గాని ఇబ్బంది వస్తుందా, తర్వాత కావాలనుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చా అని అడిగారు.

చేయవచ్చు. చాలావరకు చేయడమే మంచిది. విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మ వాడుతున్న ఫోన్ కూడా మా అక్క అమెరికాలో కొని తెచ్చినదే, దాన్ని సర్ది ఇచ్చింది నేను. ఆ అనుభవంతో చెబుతున్నాను: యాప్ పేరులో కంపెనీ పేరు ఉందా లేదా అని చూసి నిర్ణయించవద్దు. ఆ యాప్ ఆ కంపెనీ ఖాతా కోసం ఉందా, లేక మీ ఫోన్‌లో కాల్, మెసేజ్, హెచ్చరిక వంటి పని ఏదైనా దాని మీదుగా నడుస్తోందా అన్నది చూడండి.

ముందు ఆ హెచ్చరిక సంగతి. డిజేబుల్ చేస్తే ఆండ్రాయిడ్, ఇతర యాప్‌లు అనుకున్నట్లు పనిచేయకపోవచ్చు అనే అర్థంలో వచ్చే ఆ వాక్యం, ఫోన్‌తో పాటు వచ్చిన యాప్ ఏదైనా ఒకే తీరుగా కనిపిస్తుంది. బిల్లు చూపించే యాప్‌కూ అదే, నిజంగా అవసరమైన యాప్‌కూ అదే. అందువల్ల దాన్ని బట్టి భయపడనక్కరలేదు, అలాగని దాన్ని నమ్ముకుని ఏది ముఖ్యమో తేల్చుకోవడమూ కుదరదు.

డిజేబుల్ అంటే తీసివేయడం కాదు. యాప్ మూలప్రతి ఫోన్‌లోని సిస్టమ్ విభాగంలో ఉంటుంది, దాన్ని మామూలుగా మనం చెరపలేము. డిజేబుల్ చేసినప్పుడు సాధారణంగా ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్‌లు, యాప్ పోగుచేసుకున్న డేటా పోతాయి, యాప్ నడవడం ఆగిపోతుంది, ఐకాన్ కనిపించదు. కాబట్టి అప్‌డేట్‌లు ఆక్రమించిన చోటు మాత్రమే ఖాళీ అవుతుంది, యాప్ మొత్తం చోటు తిరిగి రాదు. ఆండ్రాయిడ్ 4.0 నుంచి, అంటే 2011 నుంచి, ఈ సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. ఫోన్‌ను రూట్ చేయనక్కరలేదు (అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చే పూర్తి అధికారం తెచ్చుకోనక్కరలేదు) కనుక, రూట్ చేసిన ఫోన్లలో పనిచేయడానికి నిరాకరించే బ్యాంకు యాప్‌లకూ యూపీఐ యాప్‌లకూ దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక ఖాతా యాప్‌లు. బిల్లు, ప్లాన్, ఆఫర్లు, క్లౌడ్ నిల్వ, విజువల్ వాయిస్‌మెయిల్, ఆ కంపెనీ సొంత స్పామ్ కాల్ ఫిల్టర్ వంటివన్నీ ఆ కంపెనీ సిమ్ ఉన్నవారికి ఉద్దేశించినవి. గుంటూరులో జియో సిమ్‌తో వాడేవారికి వాటితో పని లేదు. అయినా అవి నోటిఫికేషన్లు పంపడం మానవు. మా అమ్మ ఫోన్‌లో ఇంగ్లీషులో వచ్చిన నోటిఫికేషన్‌లో ఖాతా, చెల్లింపు అనే మాటలు మాత్రం ఆమెకు అర్థమయ్యాయి. అక్కడ తన పేరు మీద ఏదో బాకీ ఉందని, కట్టకపోతే ఫోన్ ఆగిపోతుందని కంగారుపడి, అక్కకు అక్కడ అర్ధరాత్రి అవుతుందని కూడా చూడకుండా ఫోన్ చేసింది. పెద్దవాళ్ల ఫోన్‌లో ఇది చిన్న విషయం కాదు. నకిలీ బిల్లు మెసేజ్‌లతో డబ్బు గుంజే మోసాలు ఇంతగా పెరిగిన రోజుల్లో, ఏ బిల్లు నిజమో ఏది కాదో తేల్చుకోవలసిన భారం వారి మీద ఒక్కటైనా తగ్గాలి. నా దృష్టిలో బ్యాటరీ కంటే, స్టోరేజీ కంటే ఇదే పెద్ద కారణం.

ఖాతా యాప్‌ల కంటే ముందుగా వెతకవలసినది ఇంకొకటి ఉంది. అమెరికా కంపెనీలు అమ్మే కొన్ని ఫోన్లలో, మనల్ని అడగకుండానే ఆటలను, షాపింగ్ యాప్‌లను దించి పెట్టే యాప్ ఒకటి ఉంటుంది. డిజిటల్ టర్బైన్ అనే సంస్థ తయారుచేసిన డీటీ ఇగ్నైట్ అటువంటిదే. కొన్ని ఫోన్లలో మొబైల్ సర్వీసెస్ మేనేజర్ అనే పేరుతో కనిపిస్తుంది. పేరు చూస్తే ముఖ్యమైనదేమో అనిపిస్తుంది గాని, దాన్ని నిస్సంకోచంగా డిజేబుల్ చేయండి. అది తెచ్చిపెట్టిన యాప్‌లు సాధారణంగా మామూలుగానే అన్‌ఇన్‌స్టాల్ అవుతాయి. 2011లో ట్రెవర్ ఎక్‌హార్ట్ అనే పరిశోధకుడు క్యారియర్ ఐక్యూ అనే సాఫ్ట్‌వేర్ ఫోన్లలో వాడుకరికి కనిపించకుండా ఏం చేస్తోందో బయటపెట్టిన నాటి నుంచి, నెట్‌వర్క్ కంపెనీ పెట్టిన ప్రతిదాన్నీ అనుమానించి చూడడం న్యాయమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు ముట్టుకోకూడనివి. క్యారియర్ సర్వీసెస్ అనే యాప్ పేరు చూసి చాలామంది మొదట దానినే ఆపేస్తారు. అది గూగుల్ యాప్, గూగుల్ మెసేజెస్‌లోని ఆర్‌సీఎస్ చాటింగ్‌కు (నెట్ మీదుగా మెసేజ్‌లు పంపే పద్ధతికి) తోడ్పడేది, దాన్ని ఉంచండి. ఐఎంఎస్ అనే అక్షరాలున్న సర్వీసుల జోలికి అసలే పోవద్దు. జియోకు 2జీ, 3జీ లేవు కనుక మామూలు కాల్ కూడా 4జీ నెట్‌వర్క్ మీద నడిచే వోల్టీ వంటి పద్ధతిలోనే వెళ్లాలి, అది ఐఎంఎస్ అనే కాల్ వ్యవస్థ మీద ఆధారపడుతుంది. వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అనేదీ అలాగే ఉండాలి. 2023లో మన దేశంలో పరీక్షగా పెద్ద శబ్దంతో వచ్చిన అత్యవసర సందేశాలు ఫోన్‌కు చేరింది ఈ రకమైన సదుపాయం ద్వారానే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునగడం చూసిన మాకు, ఆ హెచ్చరికను ఆపుకోవాలన్న ఆలోచనే రాదు.

డివైస్ అన్‌లాక్ అనే యాప్ ఉంటే ఒక్క క్షణం ఆగండి. టీ-మొబైల్ అమ్మిన కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వేరే సిమ్ పనిచేసేలా అన్‌లాక్ చేయడం ఆ యాప్ ద్వారానే జరుగుతుంది, అందులో తాత్కాలికం, శాశ్వతం అని రెండు రకాలు ఉన్నాయి. జియో సిమ్ పనిచేస్తోంది అన్న ఒక్క మాటతో తృప్తిపడకుండా, జరిగినది శాశ్వత అన్‌లాకేనా అని మీ అన్నయ్యగారిని అడిగి రూఢి చేసుకున్నాకే దాన్ని ఆపండి.

సిమ్ టూల్‌కిట్ అనే యాప్ సంగతి వేరు. అందులో కనిపించే మెనూ మన సిమ్ నుంచి వచ్చేదే గాని అమెరికా కంపెనీది కాదు. తెర మీద హఠాత్తుగా వచ్చే ప్రకటనల పెట్టెలు విసిగిస్తుంటే, చాలా సిమ్‌లలో ఆ మెనూలోనే వాటిని ఆపే ఎంపిక ఉంటుంది. పొరపాటున ఓకే నొక్కి ఏదైనా సేవకు డబ్బు కట్ అవుతుంటే 155223 నంబరు ద్వారా దాన్ని నిలిపివేయించవచ్చు.

ఒకేసారి అన్నింటినీ ఆపవద్దు. ఒకటి రెండు ఆపి, ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, మీ ఫోన్ నుంచి నాన్నగారికి కాల్ చేసి చూడండి, ఆయన చేత మీకు చేయించండి, బ్యాంకు ఓటీపీ వస్తోందా, వైఫై ఆపినా నెట్ నడుస్తోందా చూసుకుని తర్వాతి వాటికి వెళ్లండి. ఇబ్బంది వస్తే ఏ యాప్ వల్లనో వెంటనే తెలుస్తుంది. బ్యాటరీ విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. మా అమ్మ ఫోన్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

కొన్ని యాప్‌లకు డిజేబుల్ బటన్ కూడా ఉండదు. కంప్యూటర్‌కు కలిపి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) కమాండ్లతో వాటిని తీసేయమని వీడియోల్లో చెబుతుంటారు. మీ సొంత ఫోన్ అయితే మీ ఇష్టం. నాన్నగారి ఫోన్‌కు మాత్రం వద్దంటాను, ఎందుకంటే కాల్స్ ఆగిపోయిన రోజున మీరు ఊళ్లో లేకపోతే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. అటువంటి యాప్‌లకు నోటిఫికేషన్లు ఆపి, లొకేషన్, కాంటాక్ట్స్ వంటి అనుమతులు తీసివేస్తే చాలు.

వెనక్కి తెచ్చుకోవడం సులువే. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను డిజేబుల్ చేసినవి మాత్రమే కనిపించేలా మార్చుకుని, కావలసినదాన్ని తెరిచి ఎనేబుల్ నొక్కితే సరి. మీ నాన్నగారు ఎప్పుడైనా మీ అన్నయ్యగారి దగ్గరికి వెళ్లి అక్కడి ఫ్యామిలీ ప్లాన్‌లో చేరితే ఖాతా యాప్ పనికొస్తుంది. అప్పుడది సాధారణంగా ఫోన్‌తో వచ్చిన పాత వెర్షన్‌గా తిరిగి వస్తుంది కనుక, లాగిన్ కాకముందే ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేయించండి.