ఆయనేమో రాజమండ్రి అంటారు, అమ్మాయేమో వెళ్లొద్దంటుంది

ప్రశ్న: నా వయసు 64, మావారికి 67. ముప్ఫై ఏళ్లుగా డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డులూ ఉన్నాయి. ఆయన వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఇక్కడి ఇల్లు అమ్మేసి రాజమండ్రి వెళ్లిపోదామని, 2027 పుష్కరాల నాటికి అక్కడ సొంతింట్లో ఉండాలని పట్టుబట్టారు. కడియం దగ్గర అరెకరం తోట కొనడానికి మా మరిదితో మాట్లాడేశారు కూడా. మా అమ్మాయి పక్క ఊళ్లోనే ఉంటుంది. దాని కవలలకి మూడేళ్లు, పగలంతా నా దగ్గరే. 'నువ్వెళ్తే వీళ్లనెవరు చూస్తారమ్మా' అని ఏడుస్తోంది. అబ్బాయి సియాటిల్‌లో ఉన్నాడు, మీ ఇష్టం అంటాడు. నాకు షుగరు, మోకాళ్ల నొప్పులు. వీధి చివర షాపు దాకా తప్ప కారు నడపలేను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎటు వెళ్లమంటారు?
– ఒక సోదరి, టెక్సాస్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. అందులో మీవారికి ఏం కావాలో ఉంది, అమ్మాయికి ఏం కావాలో ఉంది. మీకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు. ఊరి సంగతి కాసేపు పక్కన పెట్టి, ఒక మామూలు మంగళవారం మీకు ఎలా గడిస్తే బాగుంటుందో కాగితం మీద రాయండి. పొద్దున ఎవరితో కబుర్లు, కూరలకి ఎలా వెళ్లాలి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే వీలుండాలా వద్దా... అన్నీ. మీవారిని కూడా విడిగా రాయమనండి. ఒకరిది ఒకరు చదువుకున్నాకే ఊళ్ల పేర్లు ఎత్తండి.

అన్నిటికన్నా ముందు ఆ తోట బేరం ఆపించండి. ఓసీఐ ఉన్నవాళ్లు మన దేశంలో ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. డబ్బు మీది, కాగితం మీ మరిదిగారి పేరు మీద అంటారేమో, దాన్ని బినామీ అంటారు. ఆయన మంచివారే కావచ్చు. కానీ ఆయన తర్వాత ఆయన పిల్లలుంటారు, కోడళ్లుంటారు. అరెకరం కోసం అన్నదమ్ములు మాటలు మానేయడం చాలా ఇళ్లలో చూశాను. మొక్కలంటే అంత ఇష్టమైతే పెరడున్న ఇల్లు చాలు, కడియం నర్సరీలు ఎలాగూ పక్కనే కదా.

ఇక, మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఇద్దరిలో ఒకరే మిగిలితే ఎక్కడ ఉంటారు? వినడానికి కష్టంగా ఉన్నా అడగక తప్పదు. ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ, పైగా మీరు ఆయనకన్నా మూడేళ్లు చిన్న. ఆ మిగిలేది మీరే కావచ్చు. ఫ్రిస్కోలో మీరొక్కరే అంటే కారు నడపలేని మనిషి ఆ పెద్ద ఇంట్లో, అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా. రాజమండ్రిలో ఒక్కరే అంటే గుమ్మంలో ఆటో, పనిమనిషి, పిలిస్తే పలికే పక్కింటివాళ్లు ఉంటారు గానీ, రాత్రి బాత్‌రూంలో జారిపడితే పిల్లలు వచ్చేసరికి ఒకటిన్నర రోజు. ఏ ఊరైనా మీరొక్కరే బతకగలిగేలా ఉందా అన్న కొలతతోనే చూడండి. మీవారితో కూడా ఇదే మాట అనండి. 'మీ ఊరు నాకొద్దు' అంటే ఆయనకి కోపం వస్తుంది, 'మీరు లేకపోతే అక్కడ నేనెలా ఉండాలో చెప్పండి' అంటే ఆలోచిస్తారు. డబ్బు వరకు కొంత ధైర్యం ఉంది. అమెరికా పౌరులు ఇండియాలో ఉన్నా సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి ప్రభుత్వ పింఛను, అందుతుంది. మీకు 67 దాటాక ఆయన పింఛను మీదానికన్నా ఎక్కువైతే, ఆయన తర్వాత ఆ ఎక్కువదే మీకొస్తుంది.

వైద్యం దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. మెడికేర్, అంటే 65 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, రాజమండ్రి ఆస్పత్రి బిల్లు కట్టదు. అలాగని వదిలేయకండి. మీకు 65 నిండే నెలకి మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత దాకా చేరే గడువు ఉంటుంది. ప్రయాణాల హడావిడిలో అది దాటిపోయి, తర్వాత ఎప్పుడో పార్ట్ బి (అందులో డాక్టర్ల ఖర్చులు చూసే భాగం) తీసుకుంటే, ఆలస్యమైన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 10 శాతం అదనం, అదీ జీవితాంతం. తిరిగి రావాల్సి వస్తుందేమో తేలేదాకా కడుతూనే ఉండండి. ఇండియాలో ఇన్సూరెన్స్ తీసుకుంటే, షుగరు లాంటి పాత జబ్బుల ఖర్చు మూడేళ్ల దాకా ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టే వీలుంది, కాబట్టి ఆస్పత్రి ఖర్చు మేరకు చేతిలో రొక్కం ఉండాలి.

ఇల్లు అమ్మడానికి అంత తొందరేం లేదు. అమ్మే రోజుకి ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు మీరు అందులో నివసించి ఉంటే, దంపతులకి 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద అక్కడి ఫెడరల్ పన్ను పడదు. అంటే అద్దెకిచ్చి బయల్దేరినా సుమారు మూడేళ్ల వెసులుబాటు ఉంది. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఒకసారి కూర్చోండి.

ఆ మూడేళ్లలో మొదటి వేసవి రాజమండ్రిలో ఉండి చూడండి. సంక్రాంతికి వెళ్లి, బంధువుల హడావిడి, చల్లగాలి చూసి మురిసిపోయి అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. మీరు ఏప్రిల్‌లో వెళ్లండి. రోహిణి కార్తె ఎండ, కరెంటు కోత, జులైలో గోదావరికి ఎర్రనీళ్లు, దోమలు, అన్నీ చూసి ఆగస్టులో వెనక్కి రండి. 182 రోజులు నిండనివ్వకండి, నిండితే ఇండియాలో పన్ను లెక్కలు మారిపోతాయి. పుష్కరాలకి సొంతిల్లే ఉండాలని గోదారమ్మ అడగదు, అద్దె ఇంట్లో ఉండి కూడా మునగొచ్చు. బయల్దేరే ముందు మీవారిని ఇంకో పని చేయమనండి. ఆయన చిన్ననాటి స్నేహితుల్లో ఇంకా అక్కడే ఉన్నవాళ్లెవరో ఫోన్లు చేసి కనుక్కోమనండి. చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పిల్లల దగ్గర తేలతారు. ఆయన వెళ్దామంటున్న రాజమండ్రిలో సగం ఆ మనుషులే కదా.

అమ్మాయి విషయం. పిల్లలకి ఐదేళ్లు వస్తే కిండర్‌గార్టెన్‌కి వెళ్లిపోతారు, అంటే ఈ సమస్య ఆయుష్షు రెండేళ్లు. దాని కోసం మీరు జీవితాంతం ఫ్రిస్కోలో ఉండిపోవడం ఎంత తొందరపాటో, అరెకరం కోసం మీవారు ఇల్లు అమ్మేయడం కూడా అంతే. నొప్పులున్న మోకాళ్లతో ఇద్దరు మూడేళ్ల పిల్లల వెనక రోజంతా పరిగెత్తడం ప్రేమే, ఉద్యోగం కూడా. అమ్మాయి ఏడుపుకి కరిగిపోయి ఊరుకోకండి, తేదీ చెప్పండి. 'ఏప్రిల్ నుంచి ఐదు నెలలు నేనుండను, డేకేర్‌లో ఇప్పుడే పేరు రాయించు' అనండి. కాస్త అలుగుతుంది, అలగనివ్వండి.

రాజమండ్రిలో ఆ ఐదు నెలలకి గ్రౌండ్ ఫ్లోరో, లిఫ్టు, జనరేటర్ ఉన్న ఫ్లాటో చూసుకోండి. మీ మరిదిగారు మేడ మీద వాటా ఖాళీగా ఉంది రమ్మంటారేమో, వద్దనండి. మెట్లు మీ మోకాళ్లకి పడవు, పైగా తోట బేరం ఆగిన కొత్తలో ఒకే గేటులో ఉండటం ఇబ్బంది.