కిక్ బాక్సింగ్ నేర్చుకుంటున్న మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. కిక్ బాక్సింగ్‌లో చేరి రెండు నెలలే అయింది, అప్పుడే మోకాలి కింద ముందరి ఎముక సలుపుతోందన్నావు. సీసాతో రుద్దితే ఎముక గట్టిపడుతుందని క్లాసులో ఎవరో చెప్పారన్నావు. రుద్దకు. సీసా, కర్ర, రోకలి, ఏదీ ఆ ఎముకకు తగలనివ్వకు. ఎందుకో ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్లు చాలామందికి జరిగేదే నీకూ జరిగింది. నాలుగు వారాలు స్కిప్పింగ్ చేసి, పొద్దున్నే పరుగెత్తితే దమ్ము పెరుగుతుంది. మెట్లెక్కితే ఆయాసం రాదు, పంచింగ్ బ్యాగు మీద రెండు నిమిషాలు ఆగకుండా కొట్టగలుగుతాం. ఆ హుషారులో అన్నీ రెట్టింపు చేస్తాం. కానీ ఎముకకు, కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కు ఆ వేగం లేదు. దెబ్బ పడ్డ చోట ఒళ్లు ముందు పాత ఎముకను కొద్దికొద్దిగా తొలిచి, ఆ తర్వాతే కొత్తది పోస్తుంది. ఇల్లు రిపేరు చేసేటప్పుడు ముందు పెచ్చులు కొట్టేసి, తర్వాత సిమెంటు పూస్తారు చూడు, అలాగన్న మాట. తొలవడానికి రెండు మూడు వారాలు, నింపడానికి సుమారు మూడు నెలలు. ఆ మధ్యకాలంలో గోడ పచ్చిగా ఉంటుంది. నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడున్నావు. దమ్ము పది కిలోమీటర్లకు సిద్ధం, ఎముక మూడింటికే.

మా నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బళ్లో పనిచేసినప్పుడు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన పిల్లలను, నడుము ఎత్తలేని పెద్దవాళ్లను రోజూ చూసినదాన్ని నేను. అందుకే ఎముక విషయంలో నా దగ్గర మొహమాటం ఉండదు.

ఈ రాత్రి ఒక పని చెయ్యి. మంచం మీద కాలు చాపి కూర్చుని, మోకాలి నుంచి చీలమండ దాకా ఎముక లోపలి అంచును బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ రా. కింది భాగంలో నాలుగు వేళ్ల వెడల్పు మేర అంతా నొప్పిగా ఉండి, కాసేపు నడిస్తే తగ్గిపోతుంటే అది షిన్ స్ప్లింట్స్. పరుగు, స్కిప్పింగ్, కిక్కులు రెండు మూడు వారాలు ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా ఒకే చోట, వేలి కొనంత జాగాలో గుచ్చినట్టు నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే, ఆ ఒక్క కాలి మీద ఒక్కసారి గెంతితే ప్రాణం పోయినట్టుంటే, ఎముకలో సన్నటి చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇంకో మాట గుర్తు పెట్టుకో: ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని ఎవరన్నా చెప్పినా, నొప్పి అక్కడే ఉంటే మళ్లీ చూపించుకోవాలి, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించుకోవాలి.

కాలు గట్టిపడేది మెత్తటి బరువు బ్యాగు మీద, నెలల తరబడి, మోతాదుగా తన్నితేనే. అప్పుడు కూడా అది ఇనుము కాదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఎంతో కాలం ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న ఆండర్సన్ సిల్వా 2013 డిసెంబరులో ఎదుటివాడి కాలి మీద కిక్ కొడితే, వాడు మోకాలు ఎత్తి అడ్డుపెట్టాడు. సిల్వా ఎడమ కాలి ఎముకలు రెండూ విరిగాయి. అంతటివాడికే అలా అయిందంటే, సీసా రుద్దుడు నిన్ను కాపాడుతుందా చెప్పు.

పాలమూరులో నువ్వు సీసీ రోడ్డు మీద పరుగెత్తుతున్నావని మీ నాన్న చెప్పాడు. మానెయ్. స్టేడియంలో మట్టి ఉంది కదా, అక్కడికి పో. నేనయితే ఇక్కడ నల్లగొండలో ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, పానగల్ ఉదయసముద్రం కట్ట పక్క మట్టి దారిలోనో పిల్లలను పరుగెత్తించేదాన్ని. లతీఫ్ సాబ్ గుట్ట వారానికి ఒక్కసారే ఎక్కించేదాన్ని, దిగేటప్పుడు మాత్రం నడిచే దిగాలి. దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ.

కాలు తగ్గాక వారానికి రెండు రోజులు బలం పెంచే పని పెట్టుకో. మీ తాత తాలీంలో, అంటే కుస్తీ వ్యాయామశాలలో, దండీలు (పుష్-అప్‌లు), బస్కీలు (గుంజీలు) తీసినవాడు. ఇప్పటికీ వాటిని మించింది లేదు. వాటికి తోడు గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా మడమ దించు. పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు. పిక్క బలపడితే ముందరి ఎముక మీద పడే భారం తగ్గుతుంది. అమెచ్యూర్ పోటీలో రెండు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్క నిమిషం విరామం. కాబట్టి బ్యాగు మీద కూడా రెండు నిమిషాలు కొట్టి నిమిషం ఆగుతూ చెయ్యి. గంటసేపు ఆగకుండా కొడితే కొట్టడం రాదు, ఈడ్చడం వస్తుంది.

ఇప్పుడు చేతుల సంగతి. చిన్నప్పుడు నా కుడి పిడికిలి పట్టుకుని, చిటికెన వేలి దగ్గర గుబ్బ ఎందుకు లేదని అడిగేదానివి, గుర్తుందా? అప్పుడు చెప్పలేదు. డిగ్రీ చదివే రోజుల్లో కరాటే నేర్చుకుంటూ, గోనె సంచిలో ఇసుక నింపి వేపచెట్టుకు కట్టి, ఉత్త చేతులతో కొట్టేదాన్ని. ఒక సాయంత్రం పంచ్ వంకరగా పడింది. దెబ్బంతా చిటికెన వేలి కణుపు మీద పడింది. చేయి పూరీలా పొంగింది. ఊళ్లో కట్టు కట్టే ఒకాయన నూనె రాసి, లాగి, రుద్ది, బెణుకేనని పంపించాడు. పది రోజులకు మళ్లీ ప్రాక్టీసుకు పోయాను. అప్పుడు విరిగిన ఎముక వంకరగానే అతుక్కుంది. ఈరోజుకీ చలికాలంలో చపాతీ పిండి పిసికితే ఆ చేయి నొప్పి పెడుతుంది. అది ఒక్క ఎక్స్‌రేతో తేలిపోయే పని.

అందుకే నాలుగున్నర మీటర్ల హ్యాండ్ రాప్, అదే చేతికి చుట్టే గుడ్డ పట్టీ, లేకుండా బ్యాగును ముట్టకు. చుట్టేటప్పుడు వేళ్లు బాగా విడదీసి పెట్టు. కొస ఉంగరాన్ని బొటనవేలికి తగిలించి, మణికట్టుకు మూడు చుట్లు, కణుపుల మీదుగా మూడు చుట్లు, తర్వాత వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటిగా తెచ్చి, బొటనవేలిని చుట్టి, మిగిలిందంతా మళ్లీ మణికట్టుకే వేసి బిగించు. పిడికిలి మూసి చూడు. కణుపుల దగ్గర బిర్రుగా ఉండాలి, కానీ చేయి తెరిచినప్పుడు వేళ్ల కొసలు నీలంగా అవకూడదు. పంచ్ చూపుడు వేలు, నడిమి వేలు కణుపుల మీదే పడాలి, మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. క్లాసు అయ్యాక రాప్‌లు ఉతికి ఎండెయ్. తడివి గ్లోవ్స్‌లో కుక్కితే చేతులకు తామర పట్టుకుంటుంది.

చీలమండ బెణికితే మన ఇళ్లలో వెంటనే పసుపు, సున్నం పట్టు వేస్తారు, తర్వాత రుద్దుతారు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, రుద్దితే లోపల నెత్తురు ఇంకా ఎక్కువ చేరుతుంది. మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దు, మసాజ్ వద్దు. క్రేప్ బ్యాండేజ్ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకో. ఐసు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది, అంతకు మించి దానితో పెద్ద పని లేదు. విశ్రాంతి, ఐసు అన్న సూత్రాన్ని 1978లో రాసిన డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తనే ఒప్పుకున్నాడు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బ ఎముకను వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించు. లేకపోతే రెండు మూడు రోజుల తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టు. నెల రోజులు మంచం మీద ఉంటే కాలు ఇంకా బలహీనమవుతుంది. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకో. ఆ కాలు మళ్లీ బెణకకుండా కాపాడేది అదే.

తల గురించి మాత్రం నాతో వాదించకు. తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, తల దిమ్ముగా ఉన్నా, రౌండు ఎన్నోదో మర్చిపోయినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. మీ మాస్టర్ ఏమీ కాదన్నా సరే, గ్లోవ్స్ విప్పెయ్. ఆ రాత్రి ఒక్కదానివే పడుకోవద్దు. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదిగా కనపడినా, ఎంత లేపినా మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయించు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి మింగకు, లోపల నెత్తురు కారుతుంటే అవి ఇంకా పెంచుతాయి. మళ్లీ స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా చేసే ప్రాక్టీసు) చేసేది డాక్టర్ సరేనన్నాకే. హెడ్ గార్డ్ ఉంది కదా అని ధైర్యం వద్దు. అది చర్మం చీలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. మౌత్ గార్డ్ మాత్రం వేడినీళ్లలో ముంచి నీ పళ్లకు అచ్చు తీసుకో, వేరేవాళ్లది పెట్టుకోకు.

ఎండలు ముదురుతున్నాయి. పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఆరు లోపల బయట ప్రాక్టీసు పెట్టుకోవద్దు. చెమట బాగా పోయిన రోజు లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగు, చెంచాలు తలగొట్టి కొలువు. బరువు తగ్గడానికి నీళ్లు మానేసి, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తే పిల్లలను చూశాను. నువ్వు ఆ పని చేస్తే నేనే బస్సెక్కి పాలమూరు వస్తాను. నీకు తగ్గ బరువులోనే ఆడు. జొన్న రొట్టె, పప్పు, గుడ్లు, పెరుగు, గుప్పెడు పల్లీలు, హాస్టల్లో ఇవి దొరక్కపోతే చెప్పు, పల్లీ పట్టీలు, రాగి పిండి పంపిస్తాను. నెలసరి రెండు మూడు నెలలు రాకపోతే ప్రాక్టీసు కదా అని సరిపెట్టుకోకు. తిండి చాలనప్పుడు ఒళ్లు ముందు దాన్నే ఆపుతుంది, ఆ తర్వాత ఎముకలే పలచబడతాయి. రక్త పరీక్ష కూడా చేయించు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే ఉంది.

వచ్చే నెల పోటీ ఉందని, ఇప్పుడు ఆగితే వెనకబడిపోతానని టెన్షన్ పడుతున్నావు, తెలుసు. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం దెబ్బతిని ఆపరేషన్ అయింది, చాలాకాలం రింగుకు దూరంగా ఉంది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. నీకు ఆగాల్సింది రెండు మూడు వారాలు. ఆ రోజుల్లో కూడా కూర్చుని పంచ్‌లు కొట్టొచ్చు, నడుము, భుజాల పని చేయొచ్చు, సైకిల్ తొక్కితే నొప్పి రాకపోతే తొక్కొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి. నొక్కి చూశాక నొప్పి నాలుగు వేళ్ల జాగాలో ఉందో, వేలి కొనంత చోటే ఉందో ముందు అది చెప్పు. వేలి కొనంత చోటే ఉంటే సోమవారం మొదటి బస్సుకు వస్తాను, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

మీ అత్త,
నల్లగొండ