జెనోవా కార్‌ని ఒకసారి సెట్ చేసి వదిలేస్తే చాలదా?

చాలదు. (జెనోవా అంటే పడవ ముందువైపు ఉండే పెద్ద తెరచాప. దాన్ని లాగి పట్టే తాడు షీట్. ఆ తాడుని దారి మళ్లిస్తూ, డెక్ మీది ట్రాక్ అనే పట్టా మీద ముందుకీ వెనక్కీ జరిగే కప్పీ కార్.) ఈ ముక్క నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నా కుడికాలి బొటనవేలి గోరు ఊడేది కాదు.

మాది 36 అడుగుల పడవ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ట్రాక్ పక్కన డెక్ మీద ఎవరో ఎర్ర రంగుతో చిన్న గీత గీసి ఉంచారు. మాకు అదే వేదవాక్కు. రెండేళ్లు కార్ ఆ గీత దాటలేదు.

ఆ రోజు గాలికి ఎదురెక్కి వెళ్తున్నాం. 12 నాట్ల వేగంతో ఉన్న గాలి గంటలో 22 అయింది. సెయిల్ చిన్నదవ్వాలని జెనోవాని దాని ముందంచు చుట్టూ మూడో వంతు చుట్టేశాం. అంతే, దాని పైభాగం తపతపా కొట్టుకోవడం మొదలైంది. ఆ అదురు మాస్ట్ (తెరచాప స్తంభం) గుండా కాళ్ల దాకా వస్తోంది. తాడు బిగించే వించ్ దగ్గరున్నవాడు షీట్ ఇంకా బిగించాడు. కింది అంచు చెక్కలా బిగుసుకుంది గానీ పైన మోత తగ్గలేదు. మళ్లీ బిగించాడు. పడవ ఇంకాస్త ఒరిగింది, వేగం మాత్రం పడిపోయింది. "సెయిల్ ముసలిదైపోయింది, కొత్తది కొనాల్సిందే" అని నేను తీర్పు కూడా ఇచ్చేశాను. అప్పటిదాకా నోరు విప్పని మూడోవాడు అన్నాడు: "ముందు ఆ కార్ జరపండ్రా."

విషయం చాలా సింపుల్. జెనోవాని చుట్టేకొద్దీ షీట్ కట్టిన మూల ముందుకీ పైకీ పోతుంది. కార్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో షీట్ సెయిల్‌ని వెనక్కి లాగుతుంది తప్ప కిందికి లాగదు. వెనక అంచుని కిందికి పట్టే దిక్కు లేక పైభాగం తెరుచుకుపోతుంది. ఎంత బిగించినా బిగిసేది కింది అంచే.

సరే, జరుపుదామని వెళ్తే కార్‌ని ట్రాక్ రంధ్రంలో పట్టి ఉంచే పిన్ కదిలితే కదా! చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుపోయింది, పైన షీట్ ఇనప కడ్డీలా బిగిసి ఉంది. కోపంతో కాలితో తన్నాను. గోరు కథ అది. చేయాల్సిన పని వేరే. వదులుగా ఉన్న అవతలి వైపు కార్‌ని నాలుగు రంధ్రాలు ముందుకి జరిపి టాక్ చేశాం, అంటే గాలి అవతలి పక్క నుంచి తగిలేలా పడవని తిప్పాం, ఆ తర్వాత ఇవతలిది వదులైతే దాన్నీ జరిపాం. మోత ఆగిపోయింది. కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) నుంచే తాడుతో లాగే కార్లు ఎందుకు అమ్ముతారో ఆ రోజు అర్థమైంది. పడవలు కట్టేవాళ్లు గదిలో కుషన్లకి పెట్టే ఖర్చులో కొంత దీనికి పెడితే ఏం పోయింది?

ఎక్కడ పెట్టాలంటారా? ముందంచు దగ్గర అంటించిన ఊలు పోగులు చూస్తూ పడవని మెల్లగా గాలిలోకి తిప్పండి. గాలి వైపు పోగుల్లో పైది ముందు అల్లాడితే కార్ ముందుకి జరపాలి, కిందిది ముందు అల్లాడితే వెనక్కి. అన్నీ ఒకేసారి అల్లాడితే సరిగ్గా ఉన్నట్టే. గాలి పెరుగుతున్నా ఇంకా చుట్టే పని పడనప్పుడు నేను కావాలనే ఒకటి రెండు రంధ్రాలు వెనక్కి జరుపుతాను. పైనుంచి కాస్త గాలి జారిపోయి ఒరుగుడు తగ్గుతుంది. గాలి పక్కకి వచ్చి షీట్ వదిలినప్పుడు మాత్రం కార్ ముందుకి పోవాలి, వీలైతే పడవ అంచున ఒక బ్లాక్ (కప్పీ) కట్టి షీట్‌ని బయటి నుంచి లాగాలి.

ఇక రేసుల వాళ్ల సలహాలు. జెనోవాకి ఆ పేరు వచ్చిందే 1926లో ఇటలీలోని జెనోవా రేసులో స్వెన్ సాలెన్ దాన్ని వాడాక. కాబట్టి దాని మీద వాళ్లకి హక్కు ఉందనే అనుకుందాం. కానీ షీట్‌ని పడవ నడిమి గీత నుంచి 7, 8 డిగ్రీల దాకా లోపలికి లాగమంటే మన పడవల్లో కుదరదండీ. మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలు (ష్రౌడ్లు) పక్కలకి ఉంటాయి, పడవ అడుగున ఉండే రెక్క (కీల్) లోతు తక్కువ. 10, 12 డిగ్రీలే మనకి హాయి. అంతకంటే లోపలికి లాగితే పడవ ముక్కు గాలికి మరింత ఎదురుగా తిరుగుతుంది గానీ పక్కకి జారుతుంది.

ఇప్పుడు మా డెక్ మీద మూడు టేపు ముక్కలున్నాయి: పూర్తి సెయిల్‌కి ఒకటి, కాస్త చుట్టినప్పుడు ఒకటి, సగం చుట్టినప్పుడు ఒకటి. జెనోవా కింది అంచు మీదా అదే లెక్కన గుర్తులు పెట్టాం. ఎర్ర గీత అలాగే ఉంది. పడవ అమ్మినాయన్ని ఒకసారి దాని గురించి అడిగాను. "నేను కొనేటప్పటికే ఉందండీ, నేనెప్పుడూ కదపలేదు" అన్నారు.