మెనింజైటిస్ తగ్గుతుండగా కాళ్లు చచ్చుబడితే?

బ్యాక్టీరియల్ మెనింజైటిస్‌కి (బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) యాంటీబయాటిక్స్ పడ్డాయి, జ్వరం దిగింది, స్పృహ వచ్చింది. కాళ్లు మాత్రం కదలడం లేదు, మూత్రం రావడం లేదు. అరుదే కానీ, వెన్నుపాము దెబ్బతిన్నదేమో అని వెంటనే చూడాలి.

మెదడు చుట్టూ ఉన్న ద్రవమే వెన్నుపాము చుట్టూ కూడా ఉంటుంది కాబట్టి చీము, వాపు కిందికీ పాకుతాయి. వెన్నుపాముకే వాపు రావచ్చు (మైలైటిస్). రక్తనాళాలు వాచి మూసుకుపోవచ్చు. వెన్నుపాము ముందువైపు ధమని మూసుకుంటే కాళ్ల బలం, నొప్పి, వేడి-చల్లదనం తెలియడం పోతాయి. అయినా కళ్లు మూసుకున్న రోగి తన కాలి బొటనవేలిని మీరు పైకి వంచారో కిందికి వంచారో సాధారణంగా చెప్పగలడు. తీవ్రమైన నడుంనొప్పి తోడైతే ఎపిడ్యూరల్ చీముగడ్డను (వెన్నుపాము పొర బయట చేరే చీము) అనుమానించాలి.

మొదటి రోజుల్లో కాళ్లు మెత్తగా వేలాడతాయి, రిఫ్లెక్సులు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం లాంటివి) ఉండవు. అందుకే గిలాన్-బారే (నరాలు దెబ్బతిని బలం పోయే జబ్బు) అనో, ఐసీయూలో తీవ్రంగా జబ్బుపడ్డాక వచ్చే నీరసమనో పొరబడతారు. ఒంటిపై గీత గీసినట్టు ఒక చోటు నుంచి కిందంతా స్పర్శ తగ్గడం, మూత్రం బిగుసుకోవడం వెన్నుపామునే చూపిస్తాయి.

అదే రోజు గాడోలినియంతో (స్కాన్‌లో తేడాలు స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే మందు) వెన్ను మొత్తానికీ ఎమ్మారై తీయాలి. రక్తప్రసరణ ఆగిన తొలి గంటల్లో అది మామూలుగానే కనిపించవచ్చు. అనుమానం పోకపోతే మళ్లీ తీయాలి. చీముగడ్డ నొక్కుతుంటే సర్జన్‌ని అత్యవసరంగా పిలవాలి. మైలైటిస్‌కి స్టెరాయిడ్లు ఇస్తుంటారు గానీ ఆధారాలు బలహీనం. మూత్రం తీసే గొట్టం (క్యాథెటర్) పెట్టడం ఆలస్యం చేయకూడదు.