గడ్డపార, పార ఒకటే కాదండీ

మేస్త్రీ గడ్డపార తెమ్మంటే మీరు పార తెచ్చారని, మీ గుంటూరు వైపు ఆ మాట వినలేదని రాశారు. ఆయన అడిగింది మీరు గునపం అనే వస్తువే. కోస్తాలో గునపం, మా తిరుపతి, చిత్తూరు వైపు గడ్డపార. నిండు ఇనుప కడ్డీ, ఒక కొన సూదిగా, రెండోది ఉలిలా పలచగా ఉంటుంది. కంచె రాళ్లకు గుంతలు తవ్వాలన్నా, బండను పెకలించాలన్నా అదే కావాలి. మీరు తెచ్చిన పార వృథా కాదు, తవ్విన మట్టి ఎత్తడానికి పనికొస్తుంది.

పేరు సంగతికొస్తే, గడ్డ అంటే గట్టిపడిన మట్టిపెళ్ల. పార మాత్రం చాలా పాత ద్రావిడ పదం. తమిళంలో పారై, కన్నడంలో హారె అంటే గునపమే. పాలు హాలు అయినట్టే అక్కడ ప, హ అయింది. తెలుగులో ఒట్టి పార మట్టి ఎత్తేదానికి స్థిరపడింది, తవ్వే అర్థం గడ్డపారలో మిగిలింది. తమిళులు కూడా దీన్ని కడప్పారై అంటారు. ఇరుగుపొరుగు భాషలు ఇంత దగ్గరగా వినిపించడం మా జిల్లాలో నాకెంతో ఇష్టమైన విషయం.

కొనేటప్పుడు బరువు చూడండి. మరీ తేలికదైతే రాతినేలలో దిగదు. కొన మొద్దుబారితే కొలిమిలో కాల్చి సాగగొట్టించుకోవచ్చు.