గో ఆటలో 3-3 మీద దిగిన రాయికి ఎటు అడ్డు పెట్టాలి, ఏ జవాబు గట్టిది?

గీతల కూడళ్ల మీద రాళ్లు పెట్టి చోటును చుట్టుకునే గో ఆటలో, మూలలోని నక్షత్ర బిందువు (రెండు అంచుల నుంచీ నాలుగో గీతల కూడలి) మీద మీ నల్లరాయి ఉండగా ప్రత్యర్థి దాని కిందుగా 3-3 (రెండు అంచుల నుంచీ మూడో గీతల కూడలి) మీద తెల్లరాయి పెడితే ఎటు అడ్డుకోవాలి, ఆ తర్వాత ఏ ఎత్తు గట్టిది అని మీరు అడిగారు. విజయనగరంలో గో ఆడేవారు నాకు ఒకే ఒక మిత్రుడు. ఆదివారాలు ఆయన ఇంట్లో చార్టు మీద 19 అడ్డగీతలు, 19 నిలువు గీతలు గీసుకుని నల్లని, తెల్లని చొక్కా గుండీలతో ఆడుతూ, మిగతా రోజుల్లో రాత్రిపూట ఇంటర్నెట్‌లో అపరిచితులతో ఆడుతూ నేర్చుకున్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

చుట్టూ ఇతర రాళ్లు లేనప్పుడు 3-3 మీద దిగిన రాయి బతుకుతుందని, అంటే పట్టుబడకుండా నిలుస్తుందని, ముందుగా ఒప్పుకోవాలి. పులి-మేక ఆడుతూ పెరిగిన మనకు చుట్టుముట్టి కదలనివ్వకపోవడమే గెలుపుగా తోస్తుంది కనుక, మొదటి ఏడాదంతా నేను అలా దిగిన ప్రతి రాయినీ చంపబోయి నష్టపోయాను. రెండో వరుసలో ఆరు రాళ్లు చస్తాయి, ఎనిమిది బతుకుతాయి, మూలలో అయితే నాలుగు చస్తాయి, ఆరు బతుకుతాయి అని ఈ ఆటలో ఒక పాత మాట ఉంది. మూలలో రెండు అంచులూ గోడలుగా పనిచేస్తాయి కాబట్టి అక్కడ రెండు కళ్లు, అంటే గుంపును చావనివ్వని రెండు వేరువేరు లోపలి ఖాళీలు, చేసుకోవడానికి తక్కువ రాళ్లే చాలు.

ఇక అడ్డుకునే వైపు. మీ తోడు రాళ్లు ఎటు ఉన్నాయో, లేదా ఎటు ఖాళీ విశాలంగా ఉందో, అటు అతను రాకుండా నక్షత్ర రాయిని ఆనుకుని రాయి పెట్టాలి. అప్పుడు అతను ఇరుకు వైపుకు సాగుతాడు, మీ గోడ, అంటే వరుసగా నిలిచిన మీ రాళ్లు, విశాలమైన వైపుకు ముఖం పెట్టి నిలుస్తుంది. ప్రత్యర్థి రాళ్లు ఇప్పటికే బలంగా ఉన్న వైపుకు ముఖం పెట్టిన గోడకు పని ఉండదు.

అతను సాగిన తర్వాతి ఎత్తులోనే నేను ఎక్కువ ఆటలు పోగొట్టుకున్నాను. అప్పుడు రెండు దారులుంటాయి: అతని రాయి తల మీదకు వంగి ఆపడం, అంటే హనె, లేదా నక్షత్ర రాయి నుంచి నిటారుగా సాగడం. హనె వేస్తే మీ రెండు రాళ్లు ఏటవాలుగా ఉండి మధ్యలో కోతకు, అంటే ప్రత్యర్థి రాయి పెట్టి వాటిని విడదీయడానికి, చోటు మిగులుతుంది. ఒక ఆటలో నేను హనె మీద హనె వేసి కోతలు రెండు మిగిల్చాను. ప్రత్యర్థి ఒకదాన్ని కోసి, దాన్ని నేను కాపాడుకునేలోపు రెండోదాన్నీ కోసి, నా గోడను రెండు బలహీనమైన గుంపులుగా చేశాడు. రెండు హనెల పద్ధతి తప్పేమీ కాదు, మూల మనకే కావాలనుకున్నప్పుడు అది సరైన ఎత్తే. కానీ కోతల తర్వాత ఏం జరుగుతుందో చదవగలిగిన చేతికే అది పనికొస్తుంది. నిటారుగా సాగితే మూడు రాళ్లు ఒకే గీతలో నిలుస్తాయి, వాటి మధ్య కోసే చోటే ఉండదు. మీ స్థాయిలో దీన్నే ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఆట తొలిదశలోనే ఇలా దిగడం బయటి గోడను ఊరికే ఇచ్చేయడమని ఒకప్పుడు భావించేవారు. 2016 డిసెంబరు చివర, 2017 జనవరి మొదట్లో ఆల్ఫాగో అనే గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘మాస్టర్’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లపై 60 ఆటలు గెలిచినప్పుడు ఆ అభిప్రాయం కదిలింది. పూర్వం దిగినవారు రెండో వరుసలో హనె వేసి కలుపుకునేవారు, దానివల్ల బయటి గోడ ఇంకా గట్టిపడేది. ఆల్ఫాగో ఆ మార్పిడిని వదిలేసి, తర్వాత ఎక్కడ ఆడాలన్న చొరవను చేతిలో ఉంచుకుని మరోచోటికి వెళ్లింది. కాబట్టి ప్రత్యర్థి అలా వదిలేసిన చోటును గుర్తుపెట్టుకోండి. వీలు చూసి అక్కడ మీరే ముందు దిగితే అతని కళ్లకు చోటు తగ్గుతుంది.

కట్టిన గోడ పక్కనే భూమి చేసుకోవాలని తొందరపడకండి, ప్రత్యర్థి గుంపులను దాని వైపుకు తరమండి. పోయిన నెల మిత్రునితో ఆడినప్పుడు ఆయనకు మూలలో పదిలోపు స్థానాలు ఇచ్చి, నిటారుగా సాగి, ఆ తర్వాత పక్కకు దిగిన ఆయన రాళ్లను నా గోడ మీదకు తరిమాను. ఆ గుంపు రెండు కళ్లు చేసుకునేసరికి కుడివైపు అంచంతా నాదైంది.